ఒకే రబ్బరును మూడు దేశాల్లో లాగినప్పుడు

వీడియో కాల్‌లో తెర మీద మూడు గీతలున్నాయి. మూడూ ఒకే రబ్బరువి, ఎంత బలంతో లాగితే ఎంత సాగిందో చూపేవి. ఆ రబ్బరు కలిపింది నేనే, రెండు రోలర్ల మిల్లు మీద, ముక్కు నిండా కార్బన్ బ్లాక్ మసి పట్టించుకుని. ప్రెస్సులో 150 డిగ్రీల దగ్గర ఉడికించిందీ నేనే. 2 మిల్లీమీటర్ల మందం షీట్లు చేసి, కొన్ని మా దగ్గర ఉంచుకుని, కొన్ని జర్మనీకి, కొన్ని ఫ్రాన్స్‌కి పంపాను. ఎక్కడ లాగినా ఒకటే గీత రావాలి కదా. రాలేదు. కాస్తో కూస్తో తేడా అయితే సర్దుకునేవాళ్ళం. జర్మనీ వాళ్ళ గీత మా గీతకి బాగా కిందుగా పాకుతోంది. ఫ్రాన్స్ వాళ్ళదానికి అసలు పోలికే లేదు, నిటారుగా పైకి లేచిపోయింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. షీట్లే సరిగ్గా తయారు కాలేదేమోనన్న అనుమానం అందరికీ వచ్చే ఉంటుంది. నాకైతే వచ్చింది. అప్పటికి పీహెచ్‌డీలో రెండో ఏడాది. పశ్చిమ బెంగాల్‌లో చదువు, మూడు దేశాల ప్రాజెక్టులో ఇండియా వైపు చేతిపని అంతా నాది. ఆ రాత్రి హాస్టల్‌కి వెళ్ళకుండా ల్యాబ్‌లోనే కూర్చుని నా నోటుబుక్కు మొదటి పేజీ నుంచి తిరగేశాను. గంధకం ఎంత వేశాను, జింక్ ఆక్సైడ్ ఎంత, మిల్లు మీద ఎన్ని నిమిషాలు నలిపాను. తప్పు దొరకలేదు. దొరికుంటే బాగుండేదని కూడా అనిపించింది.

ఇంతకీ మేం చూడాలనుకున్నదేమిటో చెప్పాలి. మాది విజయవాడ. నాన్నకి ఆటోనగర్‌లో లారీ టైర్ల రీట్రేడింగ్ షాపు. అరిగిన టైరు గీకి, కొత్త రబ్బరు అతికించి, ఉడకబెట్టి మళ్ళీ రోడ్డెక్కిస్తారు. స్కూలు నుంచి నేరుగా షాపుకి వెళ్ళి ఆ వాసనలోనే హోంవర్కు చేసుకునేదాన్ని. కృత్రిమ రబ్బర్లు ఎన్ని వచ్చినా, లారీ టైర్లలోనూ విమానం టైర్లలోనూ ఇప్పటికీ చెట్టు రబ్బరుదే పెద్ద వాటా. ఎందుకంటే అది చీలికను తట్టుకుంటుంది. చీలిక కొస దగ్గర రబ్బరు విపరీతంగా సాగుతుంది. అక్కడ చెట్టు రబ్బరులోని పొడుగాటి అణువుల గొలుసులు వరస కట్టి చిన్నచిన్న స్ఫటికాలవుతాయి. ఆ గట్టి పలుకులు చీలికకు అడ్డం పడతాయి. లాగుడు వదిలేస్తే కరిగిపోయి మళ్ళీ మామూలు మెత్తటి రబ్బరు. సాగదీసిన రబ్బరు మీద ఎక్స్‌రేలు వేసి ఈ సంగతి మొదట బయటపెట్టింది డచ్ శాస్త్రవేత్త కాట్జ్, 1925లో. వందేళ్ళయినా ఇందులో తేలని ప్రశ్నలు చాలా ఉన్నాయి. కార్బన్ బ్లాక్ అనే నల్ల పొడి కలిపిన రబ్బరులో స్ఫటికాలు ఎంత సాగుడు దగ్గర మొదలవుతాయి, ఎంత వేగంతో లాగితే ఏమవుతుంది, పదేపదే లాగితే ఏమవుతుంది అన్నవి మా వంతుకొచ్చినవి.

రబ్బరు లాగితే ఏమవుతుందో తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. వెడల్పాటి రబ్బరు బ్యాండు పెదవికి ఆనించుకుని ఒక్కసారిగా గట్టిగా లాగండి. వెచ్చగా తగులుతుంది. కాసేపు అలాగే పట్టుకుని టక్కున వదులు చేయండి, చల్లబడుతుంది. 1805లో ఇంగ్లండులో జాన్ గఫ్ అనే ఆయన ఇలాగే పెదవితో కనిపెట్టాడు. ఆయనకు చూపు లేదు. బరువు వేలాడదీసిన రబ్బరును వేడిచేస్తే ఇంకా సాగాల్సింది పోయి పైకి ముడుచుకుంటుందని కూడా ఆయనే గమనించాడు. 1859లో జౌల్ దాన్ని కొలిచి చూపించాడు. ఇనుప స్ప్రింగుకీ రబ్బరుకీ తేడా ఇక్కడే ఉంది. రబ్బరు గొలుసులు చిక్కుపడ్డ నూలులా ఎలా పడితే అలా మెలికలు తిరిగి, వేడికి నిరంతరం కదులుతూ ఉంటాయి. లాగితే తిన్నబడతాయి. కానీ తిన్నగా ఉండే దారి ఒక్కటే, చిక్కుపడి ఉండే దారులు లెక్కలేనన్ని. అందుకే వదలగానే మళ్ళీ చిక్కులోకే పోతాయి. వేడి పెరిగితే ఆ కదలిక పెరుగుతుంది, వెనక్కి లాగే బలమూ పెరుగుతుంది. ఈ మాట మొదటిసారి అర్థమైన రోజున నాన్నకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

సరే, మూడు గీతల దగ్గరికి వస్తాను.

మొదటి చిక్కు అరగంటలో విడిపోయింది. అది మాటల చిక్కు. ముగ్గురం పంపిన పట్టికల్లోనూ ఒక వరసకి ‘స్ట్రెయిన్’ అని పేరు, అంటే ఎంత సాగిందన్న లెక్క. ముక్క నాలుగింతలు సాగినప్పుడు మేం అక్కడ 300 అని రాస్తాం, అంటే అసలు పొడవు మీద 300 శాతం పెరిగిందని. జర్మనీ వాళ్ళు 4 అని రాస్తారు, ఇప్పటి పొడవును మొదటి పొడవుతో భాగించి. ఫ్రాన్స్ వాళ్ళు కంప్యూటర్ నమూనాలు చేసేవాళ్ళు, లాగరిథమ్ వాడతారు, వాళ్ళకి అది 1.39. మూడింటి అర్థం ఒకటే. గీతలన్నీ ఒక చోట చేర్చిన విద్యార్థి 4ని 400 శాతం అనుకున్నాడు. బలం విషయంలోనూ ఇదే గొడవ. రబ్బరు సాగినా దాని ఘనపరిమాణం దాదాపు మారదు. నాలుగింతలు పొడుగైతే అడ్డుకొలత (అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం) నాలుగో వంతుకి పడిపోతుంది, 2 మిల్లీమీటర్ల మందం 1 మిల్లీమీటరవుతుంది. బలాన్ని మేం మొదటి అడ్డుకొలతతో భాగించాం, ఫ్రాన్స్ వాళ్ళు ఆ క్షణాన ఉన్న అడ్డుకొలతతో. అక్కడికక్కడే నాలుగు రెట్ల తేడా. వాళ్ళ గీత నిటారుగా లేవడానికి కారణం అదే. ముగ్గురూ చేసింది సరైనదే. ఎవరి రంగంలో వాళ్ళకి అది ఎంత అలవాటంటే, చెప్పాలని కూడా తోచలేదు.

రెండోది నా వైపు లోపం. డంబెల్ ఆకారంలో కోసిన ముక్కని దవడల్లో బిగించి లాగేటప్పుడు, దవడలు ఎంత జరిగాయో చూసి సాగుడు లెక్కేశాను. నిజానికి వెడల్పాటి చివర్లు కూడా కొంత సాగుతాయి, దవడలోంచి కొంత జారి వస్తాయి. నడుమ సన్నటి భాగం అసలు ఎంత సాగిందో దవడలకేం తెలుసు? జర్మనీ వాళ్ళు ముక్క మీద తెల్లటి చుక్కలు పెట్టి కెమెరాతో వాటి మధ్య దూరం కొలుస్తున్నారు. మేమూ అలాగే మొదలుపెట్టాం. కెమెరా కొనడానికి కాగితాలు తిరగడంలో ఆరు వారాలు పోయాయి. ఈలోగా మా టెక్నీషియన్ దాదా ఫోన్‌ని స్టాండుకి కట్టి, కరెక్షన్ ఫ్లూయిడ్‌తో చుక్కలు పెట్టి, పక్కన స్టీలు స్కేలు నిలబెట్టి పని జరిపించాడు.

ఈ రెండూ సరిచేశాక మూడు గీతలూ దగ్గరికొచ్చాయి, కలవలేదు. జర్మనీ గీత ఇంకా కిందే ఉంది. అప్పుడు ఒక విషయం కంటబడింది. కార్బన్ బ్లాక్ కలపని రబ్బరుకి రెండు ల్యాబుల గీతలూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. నల్ల రబ్బరుకే తేడా. 100 పాళ్ళ రబ్బరుకి 50 పాళ్ళ నలుపు కలిపినదానికి మరీ తేడా. అంటే నలుపులో ఏదో ఉంది. నలుపు సరిగ్గా కలవలేదేమో, ఒక షీటుకీ ఇంకో షీటుకీ తేడా ఉందేమో అని మళ్ళీ నా మీదే అనుమానం. మళ్ళీ కలిపాను, మళ్ళీ ఉడికించాను, మళ్ళీ పంపాను. మళ్ళీ అదే తేడా. దీని మీద మూడు నెలలు పోయాయి.

తేలింది కూడా దాదా నోటి మాటతోనే. ఒక మధ్యాహ్నం ఒక ముక్కని సగం లాగి ఆపి, మళ్ళీ మొదటి నుంచి లాగబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఒకసారి లాగిన ముక్క పనికిరాదు, కొత్తది పెట్టు అన్నాడు. పాతికేళ్ళుగా ఆయన పద్ధతి అది. ఎందుకని అడిగితే, రెండోసారి అది మెత్తగా ఉంటుంది కదా అన్నాడు. నేను చదివిన విషయమే! మల్లిన్స్ ప్రభావం. 1940లలో బ్రిటన్‌లో లెనార్డ్ మల్లిన్స్ వివరంగా పరిశీలించినందుకు ఆ పేరు వచ్చింది. నలుపు కలిపిన రబ్బరును ఒకసారి లాగి వదిలితే, రెండోసారి అంతే సాగడానికి తక్కువ బలం చాలు. మొదటిసారి ఎంతవరకు లాగామో ఆ హద్దు దాటితే మళ్ళీ పాత గీతను అందుకుంటుంది. తనను ఎంతవరకు లాగారో రబ్బరుకు గుర్తుంటుంది. పరీక్షలో దీని మీద పది మార్కుల ప్రశ్న రాశాను. నా బల్ల మీద మాత్రం గుర్తుపట్టలేకపోయాను.

వెంటనే జర్మనీకి మెయిల్ పెట్టాను. మీరు లాగే ముందు ముక్కని ఏమైనా చేస్తారా అని. జవాబు పది నిమిషాల్లో వచ్చింది. ఏమీ చేయం, మామూలుగా అందరూ చేసే ఐదు సార్లు లాగి వదలడం తప్ప. కొలత నిలకడగా రావాలని అక్కడి టెక్నీషియన్ ఐదు సార్లు లాగి వదిలి ఆరోసారి లెక్క రాసుకుంటాడు. నిలకడగా రావాలనే మా దాదా ప్రతిసారీ కొత్త ముక్క పెడతాడు. ఇద్దరూ చేయి తిరిగినవాళ్ళే, ఇద్దరిదీ జాగ్రత్తే. ఆ జాగ్రత్త చాలా పేపర్లలో పద్ధతుల విభాగంలో రాయరు. మూడు నెలల నా నిద్ర అక్కడికి పోయింది.

ఆ చలికాలంలో ఇంకో దెబ్బ తగిలింది. జర్మనీలోనే స్వయంగా కలుపుకుని చూస్తామంటే, ఉడికించని పచ్చి రబ్బరు షీట్లు పార్శిల్ చేశాను. ‘రబ్బరు నమూనాలు, వాణిజ్య విలువ లేదు’ అని రాసినందుకు కస్టమ్స్‌లో ఆపారు. విలువ లేని వస్తువు ఉండదట, ఎంతో కొంత రాయాలట. కాగితాలు అటూ ఇటూ తిరిగేసరికి జనవరి అంతా అది ఏదో వేడి లేని గోదాములో పడి ఉంది. తీరా అందాక వాళ్ళు ఫొటో పంపారు. షీటు చెక్కలా బిగుసుకుపోయింది, బల్ల మీద కొడితే టకటకమంటోందట. పాడైపోయిందనుకున్నాను. కాదు. చెట్టు రబ్బరు లాగకపోయినా, చల్లగా చాలా రోజులుంచితే దానంతటదే స్ఫటికాలు కడుతుంది. మైనస్ 25 డిగ్రీల దగ్గర అది అన్నిటికన్నా వేగంగా జరుగుతుంది, సున్నా దగ్గర నెమ్మదిగా. చలిదేశాల ఫ్యాక్టరీల్లో రబ్బరు బేళ్ళను వాడే ముందు వెచ్చటి గదిలో ఉంచేది ఇందుకే. వెచ్చబెడితే షీట్లు మామూలయ్యాయి. విజయవాడ ఎండల్లో పెరిగినదాన్ని, రబ్బరుకి చలి పడుతుందని చదవడమే కానీ చూసింది అదే మొదటిసారి.

ఆ తర్వాత మేం ఒక కాగితం తయారుచేశాం. ఏ ల్యాబ్ నుంచి ఏ ముక్క బయలుదేరినా దాంతోపాటు ఆ కాగితం వెళ్ళాలి. ఏ రోజు కలిపారు, ఎన్ని నిమిషాలు నలిపారు, ఎంతసేపు ఉడికించారు, ఉడికాక ఎన్నాళ్ళు ఆగారు, ఏ వేడిలో దాచారు, ఇంతకుముందు ఎంతవరకు ఎన్నిసార్లు లాగారు, స్ట్రెయిన్ అంటే మీ లెక్కలో ఏమిటి. ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు అమ్మ చెప్పే మాటల్లా ఉందని ఆ కాగితం చూసి మా మేడం నవ్వారు. నా మటుకు నాకు ఆ ప్రాజెక్టులో చేసిన అతి ముఖ్యమైన పని అదే.

కాగితం వచ్చాక గీతలు కలిశాయి. అప్పుడే ఎక్స్‌రే ప్రయోగానికి ధైర్యంగా వెళ్ళగలిగాం. హాంబర్గ్‌లో పెట్రా-3 అనే సింక్రోట్రాన్ ఉంది. 2304 మీటర్ల చుట్టుకొలత గల వలయంలో ఎలక్ట్రాన్లు దాదాపు కాంతి వేగంతో తిరుగుతుంటాయి. అవి వంపు తిరిగేటప్పుడు వెలువడే ఎక్స్‌రేలను ప్రయోగాలకు వాడతారు. ఫలితాలు ప్రచురించే పరిశోధనకు అక్కడ ఆ ఎక్స్‌రేల ధార (బీమ్) ఉచితం. భారత శాస్త్ర సాంకేతిక విభాగం సాయంతో, బెంగళూరులోని జేఎన్‌సీఏఎస్‌ఆర్ అనే పరిశోధన సంస్థ ద్వారా మన పరిశోధకులు అక్కడికి వెళ్ళే ఏర్పాటూ ఉంది. ప్రతిపాదన రాయడం, వీసా, టికెట్లు, అదంతా ఎవరికైనా ఒకేలా ఉంటుంది, వదిలేస్తాను. బయలుదేరేటప్పుడు నాన్న, “రబ్బరు లాగడానికి అంత దూరం ఎందుకమ్మా, మన షాపులో లేదా?” అన్నారు. షాపులో లాగొచ్చు నాన్నా, లోపల ఏం జరుగుతుందో కనపడదు అన్నాను. “కనపడితే నాకూ చూపించు” అన్నారు.

మాకు దొరికింది ఆరు షిఫ్టులు, 48 గంటలు. ఒక్క నిమిషం వృథా చేయాలనిపించదు. సీసపు గోడల గదిలో మా చిన్న లాగుడు యంత్రం పెట్టాం. దాని రెండు దవడలూ ఒకే వేగంతో ఎదురెదురు దిక్కుల్లోకి జరుగుతాయి. ఒక వైపే లాగితే నడుమ జరిగిపోయి, బీమ్ ప్రతిసారీ వేరే చోట పడుతుంది. లోపల ఎవరూ లేరని వెతికి, తలుపు మూసి, తాళం పడ్డాకే బీమ్ వదులుతారు. మేం బయట తెర ముందు కూర్చుంటాం.

లాగని రబ్బరు ఎక్స్‌రే బొమ్మ చంద్రుడి చుట్టూ కట్టిన వరదగుడిలా ఉంటుంది. మసకగా, గుండ్రంగా ఒక వలయం. రెండింతలకు లాగాం, అలాగే ఉంది. మూడింతలు, వలయం అటూ ఇటూ కొంచెం చిక్కబడింది. నాలుగు దాటాక ఎడమా కుడీ రెండు చుక్కలు పొడిచాయి. ముందు కంటి భ్రమేమో అనిపించేంత పలుచగా, తర్వాత స్పష్టంగా, వాటి పక్కనే ఇంకొన్ని. అవే స్ఫటికాలు. నలుపు కలపని రబ్బరుకి ఇది పుస్తకాల్లో ఉన్నదే, కొత్తేమీ కాదు. అయినా నా చేత్తో నలిపిన రబ్బరులోంచి ఆ చుక్కలు రావడం చూస్తే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక్కి వదులుతుంటే అవి పుట్టిన చోట పోలేదు. నాలుగు కిందికి దిగాక కూడా కాసేపు నిలిచి, ఇంకా తగ్గాక ఆరిపోయాయి. నల్ల రబ్బరులో ఇంకా ముందే పుట్టాయి. నలుపు రేణువులు సాగవు, ఆ సాగుడు భారమంతా వాటి మధ్య ఉన్న రబ్బరు మీదే పడుతుంది. బయటి నుంచి చూస్తే మూడింతలే, లోపల ఆ రబ్బరు అంతకన్నా ఎక్కువ సాగి ఉంటుంది.

రెండో రాత్రి మూడు గంటలకు ముక్కలు దవడల్లోంచి జారడం మొదలైంది. సాగినకొద్దీ రబ్బరు పలుచబడుతుంది, పట్టు వదులవుతుంది. వరసగా రెండు ముక్కలు జారాయి, గంటన్నర పోయింది. జర్మనీ ల్యాబ్‌లో పనిచేసే బ్రెజిల్ అబ్బాయి వర్క్‌షాపు నుంచి గరుకు కాగితం తెచ్చి దవడల లోపల అతికించాడు. ఇక జారలేదు. ఆ గంటన్నర విరామంలో అతను చెప్పిన కథ ఇది. రబ్బరు చెట్టు పుట్టిల్లు వాళ్ళ అమెజాన్ అడవి. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఇంగ్లీషువాడు దాదాపు 70,000 గింజలు అక్కడి నుంచి లండన్ క్యూ తోటకు చేర్చాడు. మొలిచిన మొక్కలు సిలోనుకీ మలయాకీ వెళ్ళాయి. ఇప్పుడు ఆ అమెజాన్‌లోనే ఆకుతెగులు వల్ల పెద్ద తోటలు నిలవవు. “నువ్వు తెచ్చిన షీట్లు మా ఊరి చెట్టు మనవలే” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో ఉన్నది బాధో, మురిపెమో నేను ఇప్పటికీ చెప్పలేను.

పేపరు రాయడానికి ప్రయోగం కన్నా ఎక్కువ రోజులు పట్టింది. ముఖ్య చిత్రంలో మొదటి లాగుడు గీత పెట్టాలా, ఆరో లాగుడుదా? నిలకడగా ఉన్నదే కంప్యూటర్ నమూనాకి పనికొస్తుందని ఫ్రాన్స్ వాళ్ళు. చీలిక కొస దగ్గర, అప్పటిదాకా ఎన్నడూ అంత సాగని రబ్బరు కొత్తగా సాగుతుంది, కాబట్టి మొదటిదే అసలైనదని నేను. నా వాదన ఇప్పటికీ సరైందనే అనుకుంటున్నాను. చివరికి రెండూ పక్కపక్కనే పెట్టాం. దాదా పేరు రచయితల్లో ఉండాలని పట్టుబట్టాను. జర్మనీ టెక్నీషియన్ పేరు కూడా చేరింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు, ఇద్దరికీ ఒక భాష లేదు. పేపర్‌లో మాత్రం పేర్లు పక్కపక్కన ఉన్నాయి.

నాన్నకి ఆ చుక్కల బొమ్మ ప్రింటు తీసి ఇచ్చాను. షాపులో గల్లాపెట్టె పైన అతికించారు. టైరు ఇంకొన్నాళ్ళు ఎక్కువ వస్తుందా మరి అని అడిగారు. ఇంకా అంత దూరం రాలేదు నాన్నా అని ఉన్నమాటే చెప్పాను.

ఇప్పుడు థాయ్‌లాండ్ నుంచి ఒక బృందం మాతో చేరుతోంది. చెట్లు, తోటలు తెలిసినవాళ్ళు. మా కాగితం పంపితే చదివి మొదటి మెయిల్‌లోనే అడిగారు, ఏ రకం చెట్టు, ఏ నెలలో గీసిన పాలు అని. రకాన్ని బట్టి, ఆకు రాలే కాలాన్ని బట్టి పాల గుణం మారుతుందట. మా కాగితంలో ఆ గడే లేదు. షీట్లు కొన్న కొట్టాయం వ్యాపారికి ఫోన్ చేశాను. ఎందరో చిన్న రైతుల దగ్గర సేకరించి కలిపేసిన సరుకు, ఎవరిదేదో చెప్పలేనన్నాడు. కొత్త గడి చేర్చి, పాత షీట్లన్నిటికీ అందులో ‘తెలియదు’ అని రాశాను. వచ్చే నెల కొట్టాయం వెళ్తున్నాను. ఒకే తోటలో, అన్నీ ఒకే రకం చెట్లున్న చోట, తెల్లవారుజామున పాలు గీసేటప్పుడు పక్కనే నిలబడి తేదీ రాసుకోవాలి.